దేవదాసు లెక్కలో ఐదో జత

దేవుడు ఐదో రోజున సముద్రంలోని జీవులన్నిటినీ చేసి ముగించాడని కాన్వెంటు బడుల్లో పిల్లలకు చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. ఒక జీవి మిగిలిపోయింది. దాన్ని సిరిసిల్లలో, రెండు గదుల పెంకుటింట్లో, దేవదాసు అనే నేతగాడు చేశాడు. అదీ ఒక గురువారం పూట, ఎవరి సాయమూ లేకుండా.

ఇందులో సగం వెనక్కి తీసుకోక తప్పదు. దేవదాసు దాన్ని చేయలేదు, నేశాడు. దానికి ప్రాణం పోసే పని పెట్టుకోలేదు. సాయం లేకుండా అన్నది కూడా నిజం కాదు, ఆయన భార్య సత్యవ్వ నోరు సాయం చేసింది. గురువారం మాత్రం నిజం.

దేవదాసుకు అరవై నాలుగేళ్ళు. ఏడేళ్ళ వయసులో కండెలు చుట్టడంతో మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళకు మగ్గం గుంటలో కాళ్ళు దించాడు. నడుమ తొమ్మిదేళ్ళు భీవండి పోయి, అక్కడి మరమగ్గాలకు సగం చెవుడు సమర్పించి తిరిగొచ్చాడు. సిరిసిల్లలో వీధివీధికీ సాంచాలనే కరెంటు మగ్గాలు వచ్చాక కూడా ఆయన వెనకగదిలో గుంట మగ్గం అట్లాగే ఉంది. అది గొప్పకు పెట్టుకున్నది కాదు. కొత్త అంచు డిజైన్ వచ్చినప్పుడు సాంచా ఎక్కించేముందు ఎవరో ఒకరు చేత్తో ఒక మూర నేసి చూడాలి. ఆ నమూనా మూర నేసేది దేవదాసు. సిరిసిల్లలో చేతిమగ్గానికి అంతకుమించి పని మిగల్లేదు. దేవదాసుకూ అంతే.

ఆయన పేరంతా ఆయన లెక్క మీద నిలబడి ఉంది. గ్రాఫు కాగితం మీద ఎన్ని గళ్ళు నింపి ఉంటే బట్టలో అన్ని పోగులు పడాలి. ఒక్క పోగు తప్పినా పువ్వు మొగ్గవుతుంది, నెమలి కోడవుతుంది. "దేవదాసు లెక్కేనా?" అని అడిగి, ఔనంటే మళ్ళీ ఎవరూ సరిచూడరు. ఒకసారి పెళ్ళి బంతిలో కూర్చుని విస్తట్లో పులిహోర మెతుకులు ఎన్నో చెప్పేశాడని అంటారు. మెతుకులు కాకపోవచ్చు, పల్లీలు. పల్లీలైనా తక్కువేం కాదు, ఆ పెళ్ళివాళ్ళు బాగా ఉన్నవాళ్ళు.

లెక్కలో ఆయనకు ఒక పట్టింపు ఉంది. కళ్ళంలో వడ్లు కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతది రెండు, ఆ తర్వాతది మూడు. దేవదాసు తండ్రి ఎల్లంతకుంట కళ్ళాల్లో అది విని వచ్చి మగ్గం దగ్గర మొదలుపెట్టాడు. కొడుకు కొనసాగించాడు. ఏ డిజైన్ అయినా మొదటి పువ్వు పూర్తికాగానే దేవదాసు గట్టిగా "లాభం" అంటాడు. యాభై ఏళ్ళుగా అంటున్నాడు. లాభం ఇంకా దారిలో ఉంది.

రెండేళ్ళ నుంచి ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. ఈ సంగతి దేవదాసుకు తెలుసు, సత్యవ్వకు తెలుసు. నమూనాలు ఇచ్చే ఆసామి మనోహర్‌కు అనుమానం. మనోహర్ దగ్గర నలభై సాంచాలున్నాయి. కొత్తగా డిజైన్లు వేసే కంప్యూటర్ ఒకటి కొన్నాడు గానీ దాన్ని ఇంకా నమ్మడం లేదు. దేవదాసును నమ్మడం మానేయలేదు. రెంటికీ మధ్య ఊగుతున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మనవరాలు సింధూజ వచ్చింది. కూతురిని ఇచ్చింది కోరుట్లకు. ఆ కూతురి బిడ్డ జగిత్యాలలో డిగ్రీ రెండో ఏడు, జంతుశాస్త్రం. చంకలో చుట్టిన కాగితాలతో వచ్చి, తాత ముందర కూర్చుని ఒక రంగుల బొమ్మ పరిచింది.

"తాతా, గిది సముద్రపు సాలీడు. రెండు మూడు కిలోమీటర్ల లోతుల, అడుగున ఉంటది. మా కాలేజీ ఎగ్జిబిషన్ల పెడుతున్న. థర్మాకోల్‌తోని చేస్తే కాళ్ళు ఇరుగుతున్నయి. తీగతోని చేస్తే ఒంగుతున్నయి. నువ్వు నేసియ్యాలె."

దేవదాసు బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత చేయంత దూరంలో పట్టుకుని చూశాడు.

"దీని పెయ్యేది బిడ్డా? ఒళ్ళు లేదు, అన్నీ కాళ్ళే ఉన్నయి."

"గదే దాని కథ. పెయ్యి పుల్లంతనే ఉంటది. కాళ్ళు మాత్రం జానెడు జానెడు. పెద్ద జాతులైతె ఈ కాలి కొసకెల్లి ఆ కాలి కొసకు మూరన్నర. పెయ్యిల కడుపుకు జాగ లేదు తాతా. అందుకే పేగులు కాళ్ళల్లకు పోతయి. ఒక్కో కాలుల ఒక్కో పాయ."

సత్యవ్వ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది. "అంటే తిన్నది మోకాళ్ళల్లకు పోతదా?"

"పోతది అమ్మమ్మా."

"మీ తాతకు గూడ గట్లనే పోతున్నట్టుంది. తిన్నంక లేవమంటె లేవడు."

"ఆగవే నువ్వు," అన్నాడు దేవదాసు. "ఊపిరెట్ల తీస్తది బిడ్డా, పెయ్యే లేకుంటె?"

"ఊపిరితిత్తులు లెవ్వు, చేపకున్నట్టు మొప్పలు లెవ్వు. తోలుకెల్లే గాలి లోపలికి పోతది. గుండె ఉంది గని ఏదో ఉందంటె ఉంది. కాళ్ళల్ల పేగులే కదిలికదిలి నెత్తుర్ని తిప్పుతయి."

"అంటే గుండె చేసే పని కడుపు చేస్తదన్నట్టు."

"ఔ."

"మా ఆసాములకు గూడ గంతే. గుండె పని కడుపే చేస్తది."

మూతి సంగతి వచ్చింది. అది గొట్టంలా ఉంటుందనీ, పెయ్యికంటే మూతే పెద్దదనీ, దాన్ని మెత్తటి జీవుల్లో గుచ్చి రసం పీల్చుకుంటుందనీ సింధూజ చెప్పింది. పెయ్యికంటే మూతి పెద్దదన్నప్పుడు దేవదాసు సత్యవ్వ వైపు చూడలేదు. నలభై ఏళ్ళ కాపురం మనిషికి కొన్ని నేర్పుతుంది.

"కండ్లు?" అని అడిగాడు.

"నెత్తి మీద బుడిపె ఉంటది, దాని మీద నాలుగు కండ్లు. గని అడుగున మొత్తం చీకటి గద. ఆడ ఉండేటియి శానా వాటికి కండ్లే లెవ్వు."

"కండ్లు లేకున్న బతుకుతదా?"

"ఏ ఫికరు లేకుంట బతుకుతది."

దేవదాసుకు ఆ జీవి మీద అభిమానం పుట్టింది. బొమ్మను ఇంకోసారి చూశాడు. "కండ్లు లేకుంట గూడు నేస్తదంటె మామూలు పనోడు కాదు."

"నేయదు తాతా. దానికి దారమే లేదు. మన ఇండ్లల్ల ఉండే సాలీడుకు గిది దూరపు సుట్టం, గంతే."

అభిమానం పుట్టినంత వేగంగానే దెబ్బతింది. దేవదాసు మగ్గం గదిలో సాలెగూళ్ళు దులపనివ్వడు. "తోటి పనోని మగ్గం ఎట్ల తెంపుత?" అంటాడు. మూలమూలకూ నాలుగైదు మగ్గాలు ఆడుతుంటాయి. సత్యవ్వ చీపురు గడప దాటదు. అలాంటి మనిషికి ఎనిమిది కాళ్ళు పెట్టుకుని ఒక్క పోగు తీయని జీవిని చూపిస్తే ఏం చేస్తాడు?

"నేయంది సాలీడెట్లయితది? గన్ని కాళ్ళు దేనికి మరి?"

"చెప్పిన గద తాతా. కడుపు పెట్టుకోనీకి. గుడ్లు గూడ ఆ కాళ్ళల్లనే తయారైతయి, తొడలల్ల. పెట్టినంక చానా జాతులల్ల మొగోడే వాటిని మూటగట్టి మోస్తడు. దాని కోసం వానికి రెండు సన్నటి కాళ్ళు వేరే ఉంటయి."

చేట కింద పెట్టేసింది సత్యవ్వ. "ఎవలు మోస్తరు?"

"మొగోడు, అమ్మమ్మా. పిల్లలయ్యేదాంక."

"ఆడిది?"

"గుడ్లు పెట్టి పోతది."

సత్యవ్వ చేటను ఇంకొంచెం పక్కకు జరిపింది. ఆమెకు ఆ సంగతి కొత్త. తర్వాత, "గా సముద్రం యాడుందే?" అంది. "బస్సు పోతదా?"

సింధూజ గ్రాఫు కాగితం తీసింది. దాని వెన్ను కణుపులు కణుపులుగా ఉంటుంది, ఒక్కో కణుపుకు కుడిపక్క ఒక కాలు, ఎడమపక్క ఒక కాలు. అందుకని ఒక్క కణుపు, ఒక్క జత కాళ్ళు గీసి తెచ్చింది. దాన్నే నాలుగుసార్లు నేయాలి. పైన తల, మూతి. గుడ్లు మోసే సన్నకాళ్ళు నేయలేరు గనుక వాటిని తర్వాత దారంతో తనే కుడుతుంది. నాలుగు జతలు, ఎనిమిది కాళ్ళు.

"నాలుగుసార్లు తాతా. గుర్తుంటదా?"

"అంచుల నాలుగొందల నెమళ్ళు నేసినోన్ని. నాలుగు గుర్తుండవా?"

సరిగ్గా ఆ మాటకే మనోహర్ లోపలికి వచ్చాడు. కొత్త నమూనాల సంగతి మాట్లాడ్డానికి వచ్చి, నేల మీద పరిచిన బొమ్మ చూసి నవ్వాడు.

"కాకా, పురుగులు నేస్తున్నవా ఇప్పుడు?"

"మనవరాలు అడిగింది."

మనోహర్ గ్రాఫు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "మంచిది కాకా. నాకూ ఒక పని తప్పుతది. పెండ్లిళ్ళ సీజన్‌కు పన్నెండు నమూనాలున్నయి. నీకు ఇద్దునా, కంప్యూటర్‌ల ఏపిద్దునా అని చూస్తున్న. ఏమనుకోకు, నీ కండ్ల గురించి నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు. గీ పురుగు లెక్క సరిగ్గ ఉంటె పన్నెండూ నీకే. లెక్క తప్పితె..."

"తప్పితె?"

"తప్పితె మగ్గం గుంటల తులసిచెట్టు పెట్టుకో."

"రా మరి చూద్దువు," అన్నాడు దేవదాసు.

"నేనే కారుల తోల్కపోత. చిన్నమ్మను గూడ."

ఆ ముగ్గురూ చూస్తుండగా దేవదాసు ఆ గ్రాఫును మగ్గం ముందర గోడకు అంటించాడు. అంటించాక గళ్ళు కనపడ్డాయా అంటే, కనపడ్డాయి. ఏ గడి ఏ గడి పక్కన ఉందన్నది మాత్రం కొంచెం అందాజు.

గురువారం పొద్దున మగ్గం గుంటలో దిగాడు. నల్లటి పడుగు, నారింజరంగు పేక. చీకటి సముద్రంలో ఆ జీవి రంగు అట్లాగే ఉంటుందని సింధూజ చెప్పింది. మొదట చిన్న తోక ముక్క. దాని కడుపు కాళ్ళల్లోకి పోయింది గనుక వెనకభాగం మొటిమంతే మిగిలింది. తర్వాత మొదటి కణుపు. దానికి కుడికాలు, ఎడమకాలు, బట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా. చాలా బాగా వచ్చింది. మధ్యాహ్నానికి ముందే మొదటి జత పూర్తయింది.

"లాభం," అన్నాడు దేవదాసు గట్టిగా.

నేసినకొద్దీ బట్ట ముందరి కర్రకు చుట్టుకుపోతుంది. మొదటి జత చుట్టులోకి పోయింది. రెండోది మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా వాకిట్లోంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. గుడ్ల సంగతి నాలుగు రోజులుగా సత్యవ్వ కడుపులో పట్టడం లేదు. ఆమెకు కడుపు కాళ్ళల్లో పెట్టుకునే వీలు కూడా లేదు. వాడకట్టంతా చెప్పింది. ఆఖరికి పక్కింటి మొగిలవ్వ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దేవదాసన్నా, నువ్వు నేసే పురుగుకు మొగోడే గుడ్లు మోస్తడట గద?"

"మోస్తడు. పోయి పని చూసుకో."

"మరి నువ్వు ఎన్నడన్న మోసినవా?"

"నేను మోసేది మీ వదినెను. గుడ్లకన్న బరువు."

వాకిట్లో నవ్వు పేలింది. సత్యవ్వ నవ్వలేదు. లోపలికి వచ్చి, పెళ్ళైన మూడో ఏట కూతురికి జ్వరమొస్తే భీవండి నుంచి రాని సంగతి దగ్గర మొదలుపెట్టి, వరసగా తొమ్మిది సంగతులు చెప్పింది. దేవదాసు తలెత్తకుండా నాడె విసురుతున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేయి వేగం పెరుగుతుంది. రెండో జత ఎప్పుడు పూర్తయిందో ఆయనకే తెలియలేదు. పూర్తవగానే, ఎదురుగా నిలబడి వేలు చూపిస్తున్న సత్యవ్వ మీద అరిచినట్టుగా, "ఒకటి!" అన్నాడు.

యాభై ఏళ్ళలో మగ్గం మీద ఆయన ఒకటి అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. తల నేశాడు. మూతి నేశాడు. పొద్దు గూకేముందు బట్ట కోసి, మడత పడకుండా అట్టగొట్టానికి చుట్టి, తాడు కట్టి, మర్నాడు జగిత్యాల పోయే తెలిసినతని చేతికి ఇచ్చాడు. లాభం చుట్ట అడుగున ఉంది. ఐదు జతలు, పది కాళ్ళు.

ఎగ్జిబిషన్ సోమవారం. కారులో మనోహర్ ముందర, భార్యాభర్తలు వెనక. సత్యవ్వ దారంతా మాట్లాడింది. దేవదాసు పన్నెండు నమూనాల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

కాలేజీ హాల్లో అగ్నిపర్వతాలు పొగలు కక్కుతున్నాయి, థర్మాకోల్ గుండెలు కొట్టుకుంటున్నాయి. చివరి గోడకు నల్లటి బట్ట వేలాడుతోంది. దాని మీద నారింజరంగు సాలీడు ఈ అంచు నుంచి ఆ అంచుకు కాళ్ళు చాపి నిలబడి ఉంది. అంత దూరం నుంచి కూడా దేవదాసుకు కనపడింది. పొర కమ్మినా దూరం చూపు ఆయనకు ఇంకా మిగిలే ఉంది. కింది నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఐదు దగ్గర ఆగాడు. మళ్ళీ పై నుంచి లెక్కపెట్టాడు. పై నుంచి కూడా ఐదే.

పక్కకు చూశాడు. మనోహర్ పెదవులు కూడా కదులుతున్నాయి.

అప్పటికే న్యాయనిర్ణేత అక్కడికి వచ్చాడు. జాన్ సార్, ఇంకో ఊరి కాలేజీలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన మనిషి. పెన్ను కొసతో కాళ్ళు లెక్కపెట్టాడు.

"ఏందమ్మా ఇది? పది కాళ్ళున్నయి. ఎనిమిది గద ఉండాల్సింది?"

మనోహర్ దేవదాసు వైపు తిరిగాడు. ఆ చూపులో అప్పటికే తులసిచెట్టు మొలిచినట్టే ఉంది.

సింధూజ తడబడలేదు. "ఎనిమిదే ఉంటయి సార్, ఎక్కువ వాటికి. నేను గూడ ఎనిమిదనే రాసుకున్న. శుక్రవారం నాడు బట్ట ఇప్పి చూస్తె పది ఉన్నయి."

"అంటే నేసినాయన తప్పు చేసిండన్నట్టు."

"మా తాత లెక్క తప్పది సార్," అంది సింధూజ, నీళ్ళు పల్లానికి పారతాయి అన్నంత మామూలుగా. "అందుకే నా పుస్తకమే తప్పని రెండు రోజులు లైబ్రరీల కూసుండి వెతికిన. దొరికింది. దక్షిణ ధ్రువం దిక్కు మంచు సముద్రంల పది కాళ్ళయి ఉన్నయి. వెన్నుల ఒక కణుపు ఎక్కువ, దానికి ఒక జత ఎక్కువ. చూడుండ్రి, తాత గూడ కణుపు పెట్టే నేసిండు. పన్నెండు కాళ్ళయి గూడ ఉన్నయి."

ఆమె తెరిచి పెట్టిన పుస్తకంలోకి జాన్ సార్ వంగాడు. కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. బట్టకేసి చూశాడు. ఐదు కణుపులు, ఐదు జతలు. కింద తగిలించిన చీటీ మీద సింధూజ ఎనిమిది కొట్టేసి పది అని రాసి, జాతి పేరు మార్చి, ఊరు కూడా మార్చింది. అరేబియా సముద్రం తీసేసి దక్షిణ ధ్రువం పెట్టింది.

"మొదట దీన్ని చూసి రాసినాయన మాటను గూడ పండితులు శానా ఏండ్లు పట్టించుకోలేదటమ్మా," అన్నాడు జాన్ సార్ చివరికి, పుస్తకం మూస్తూ. "నేను గూడ అదే చేస్తుంటి. ఏరి, మీ తాతగారేరి? అయ్యా, మీకు ఇది ముందే ఎట్ల తెలుసు? మీరు స్టేజీ మీదికి రావాలె. ఎట్ల నేసిండ్రో పిల్లలకు రెండు ముక్కలు చెప్పాలె."

హాలంతా ఇటు తిరిగింది. దేవదాసు జీవితంలో అంతమంది ఒకేసారి ఆయన్ను చూడలేదు. ముందే తెలుసంటే, ఎట్లా తెలుసని అడుగుతారు. సముద్రం గురించి ఆయనకు తెలిసిందల్లా ఆదివారం మనవరాలు చెప్పినదే. తెలియదంటే, లెక్క తప్పినట్టు తన నోటితో ఒప్పుకున్నట్టు. అదీ ఆ పిల్ల అందరి ముందరా ఆ మాట అన్నాక. పక్కన మనోహర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పో కాకా. చెప్పు. నేను గూడ ఇంట."

"బస్సుకు టైమైంది," అన్నాడు దేవదాసు.

కారు గేటు ముందరే ఉంది. అయినా ఆయన బయటికి నడిచి, దొరికిన బస్సెక్కి సిరిసిల్ల చేరాడు. సత్యవ్వ కారులో వచ్చింది. సింధూజకు మొదటి బహుమతి వచ్చిందని, జాన్ సార్ ఆ బట్టను గోడ నుంచి దించనివ్వడం లేదని ఆమే చెప్పింది. మర్నాడు పొద్దునకల్లా వాడకట్టులో ప్రతి సాంచా దగ్గరా అదే ముచ్చట. సముద్రం అడుగున ఏముందో సైంటిస్టులకన్నా ముందు దేవదాసు గుంట మగ్గంలో కూర్చుని చెప్పాడట. మధ్యాహ్నానికి పది కాళ్ళు పధ్నాలుగయ్యాయి.

సాయంత్రం మనోహర్ వచ్చాడు. చేతిలో పన్నెండు గ్రాఫులు చుట్టుకుని ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడ్డాడు, ఇవ్వలేదు.

"కాకా, ఒక్కటే మాట అడుగుత. తెలిసే పది నేసినవా, లెక్క తప్పితె పదయిందా?"

దేవదాసు కండె చుడుతున్నాడు. తలెత్తలేదు. "ఏం పది?"

"గదే కాకా. పురుగు కాళ్ళు. జగిత్యాలల ఏలాడుతున్నది."

"నేను జగిత్యాలకు పోలే."

"నా కారులనే అచ్చినవ్ గద!"

"నీ కారుల ఎవలెవలు ఎక్కుతరో నాకేం ఎరుక?"

సత్యవ్వ లోపలి నుంచి వచ్చింది. "గదేందయ్యా! మొగిలవ్వ గూడ చూసింది. గీ గుంటల కూసుండే గద..."

"మొగిలవ్వకు చత్వారం," అన్నాడు దేవదాసు.

"మరి సింధూజ అందరి ముందల చెప్పింది గద కాకా, మా తాతనే నేసిండని?"

"చిన్నపిల్ల. నా మీద ప్రేమ. ఏమన్న అంటది." కండె పక్కన పెట్టి, దేవదాసు మొదటిసారి మనోహర్ మొహంలోకి నేరుగా చూశాడు. "నువ్వు సదువుకున్నోనివి గద మనోహరూ. కడుపు తీస్కపోయి కాళ్ళల్ల పెట్టుకునే పురుగు లోకంల యాడన్న ఉంటదా? మొగోడు గుడ్లు మోసుడు ఉంటదా? ఎవలో లేపిన కథ అది. గసొంటి పురుగు లేదు, నేను నేయలే. గా గ్రాఫులు ఇటు తే."